రెహన్ పత్రం మీద ఒక అబద్ధం

చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో ఇల్లు వెతుక్కునేవారికి మూడు మాటలు తప్పక వినిపిస్తాయి. ఒకటి కిరాయి, రెండోది అమ్మకం, మూడోది రెహన్. ఇంటి యజమానికి డబ్బు అవసరం పడుతుంది. కూతురి పెళ్ళో, కొడుకును గల్ఫ్ పంపే ఖర్చో, ఆసుపత్రి బిల్లో ముంచుకొస్తుంది. ఆయన మరొకరి దగ్గర నాలుగైదు లక్షలు తీసుకుని, బదులుగా ఇంట్లో రెండు గదులు అప్పగిస్తాడు. డబ్బు తిరిగి ఇచ్చేదాకా అప్పిచ్చినవాడు కిరాయి లేకుండా అక్కడే ఉంటాడు. డబ్బు ముట్టగానే ఖాళీ చేస్తాడు. దీన్నే మన పాతబస్తీలో రెహన్ అంటారు.

ఇందులో తప్పేముంది, ఇద్దరి అవసరమూ తీరుతోంది కదా అని చాలామంది అనుకుంటారు. మేమూ ఈ విషయం గురించి ఎప్పుడూ లోతుగా ఆలోచించలేదు. కొంతకాలం క్రితం ఒక పెద్దావిడ మా దగ్గరకు వచ్చి రెండు కాగితాలు మా ముందు పెట్టేదాకా!

మొదటి కాగితం వంద రూపాయల స్టాంపు పేపరు. దాని మీద పదకొండు నెలల కిరాయినామా రాసి ఉంది. అందులో ఆమె భర్త కిరాయిదారు, నెలకు అయిదు వందలు కిరాయి. రెండోది తెల్ల కాగితం. ఇంటి యజమాని నాలుగు లక్షలు తీసుకున్నాడనీ, మూడేళ్ళలో తిరిగి ఇస్తాడనీ, అప్పటిదాకా గదులు అప్పిచ్చినవారి స్వాధీనంలో ఉంటాయనీ అందులో ఉంది. మొదటిది అబద్ధం, రెండోది నిజం. అబద్ధానికి స్టాంపు ఉంది, నిజానికి లేదు.

తర్వాత ఇద్దరు మగవాళ్ళూ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. యజమాని కొడుకులు కిరాయినామా చూపించి, "మీరు కిరాయిదారులు, ఖాళీ చేయండి. నాలుగు లక్షల సంగతి మాకు తెలియదు" అంటున్నారు. ఆవిడ తెల్ల కాగితం తీసుకుని వకీలు దగ్గరకు వెళ్ళింది. కోర్టు దీన్ని ఉన్నది ఉన్నట్టుగా తీసుకోదని ఆయన చెప్పాడు.

ఆమె మమ్మల్ని అడిగిన ప్రశ్న మాత్రం కోర్టు గురించి కాదు. "భాయ్‌సాబ్, కిరాయి ఇవ్వకుండా ఇన్నేళ్ళు ఉన్నాం. మా ఆయన వడ్డీ తిన్నట్టా? ఆ నాలుగు లక్షలు అడిగే హక్కు నాకు ఉందా, లేదా?"

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళ్తే స్టాంపు సుంకం అనే చిన్న విషయం చాలా పెద్ద విషయంగా కనిపించింది.

రాసుకోండి అన్న ఆదేశం

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం నమాజు గురించో, రోజా గురించో వచ్చినది కాదు. అది అప్పు పత్రం గురించి వచ్చినది. అల్ బఖర అధ్యాయం 282వ వాక్యం అది. గడువు పెట్టుకుని అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు దాన్ని రాసుకోవాలని అల్లాహ్ అందులో ఆదేశిస్తున్నాడు. లేఖరి న్యాయంగా రాయాలి. ఎవరి మీద అప్పు భారం ఉందో అతనే చెప్పి రాయించాలి, అందులో ఏమీ తగ్గించకూడదు. సాక్షులను పెట్టుకోవాలి. మొత్తం చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాయడానికి విసుక్కోకూడదు. రాసేవానికి గాని, సాక్షికి గాని నష్టం కలిగించకూడదు. ఆ తర్వాతి వాక్యం, 283వది, తాకట్టు గురించి చెబుతుంది. ప్రయాణంలో ఉండి లేఖరి దొరకకపోతే ఏదైనా వస్తువు తాకట్టుగా స్వాధీనం చేయవచ్చు. నమ్మి అప్పగిస్తే, నమ్మకాన్ని పొందినవాడు ఆ అమానతును తిరిగి చెల్లించాలి. సాక్ష్యాన్ని దాచకూడదు.

తాకట్టు అనేది తలదించుకోవలసిన పనేమీ కాదు. దైవప్రవక్త (స) ఇహలోకం వీడేనాటికి ఆయన కవచం ఒక యూదుని దగ్గర ముప్ఫయ్ సాల బార్లీకి తాకట్టులో ఉందని హజ్రత్ ఆయిషా (ర) చెప్పినట్టు సహీహ్ బుఖారీలో ఉంది. మదీనాకు అధినేత అయి ఉండి కూడా ఆయన "నా మాట చాలదా?" అని అనలేదు. సామాన్యునిలా వస్తువు తాకట్టు పెట్టారు.

ఇప్పుడు మన చట్టాన్ని చూద్దాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 59వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలకు గాని అంతకు మించిన మొత్తానికి గాని స్థిరాస్తి తాకట్టు పెడితే ఆ పత్రాన్ని రిజిస్టరు చేయించాలి. తాకట్టు పెట్టినవాడు సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. హక్కు పత్రాలు డిపాజిట్ చేసి తీసుకునే అప్పుకు మాత్రమే ఈ నియమం నుంచి వెసులుబాటు ఉంది. రాత, అప్పు పడినవాని ఒప్పుకోలు, ఇద్దరు సాక్షులు: ఈ చట్టం రాసినవారు ఖుర్ఆన్ చూసి రాయలేదు. అయినా న్యాయం కోరేవాడు ఎవరైనా చివరికి ఇక్కడికే రావలసి వస్తుంది.

వంద రూపాయల పేపరు అనే భ్రమ

వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాస్తే ఏదైనా చెల్లుతుందనే అపోహ మన ఇళ్ళల్లో బలంగా నాటుకుపోయింది. ఇది సరికాదు. సుంకం కాగితానికి కాదు, ఆ కాగితం మీద జరిగిన లావాదేవీకి.

పత్రాల మీద సుంకం వేసే పద్ధతి 1624లో నెదర్లాండ్స్‌లో మొదలై, 1694లో ఇంగ్లండుకు చేరింది. మన దేశంలో ఇప్పటికీ అమల్లో ఉన్నది 1899 నాటి భారతీయ స్టాంపు చట్టం. నిజాం రాజ్యంలో 1331 ఫస్లీ నాటి హైదరాబాద్ స్టాంపు చట్టం వేరుగా ఉండేది. మన పెద్దల పెట్టెల్లో ఉర్దూ అక్షరాల పాత స్టాంపు కాగితాలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1959లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1899 నాటి చట్టాన్ని తెలంగాణ ప్రాంతానికి కూడా విస్తరింపజేసింది. తాకట్టు పత్రాల మీద రేటు నిర్ణయించే అధికారం రాష్ట్రానిది. రేట్లు మారుతూ ఉంటాయి కనుక సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆనాటి రేటు అడిగి తెలుసుకోవాలి.

అయితే ఒక సూత్రం మాత్రం మొదటి నుంచీ ఉంది. ఇంటిని అప్పిచ్చినవాని స్వాధీనం చేయకుండా తాకట్టు పెడితే సుంకం తక్కువ. స్వాధీనం చేస్తే ఎక్కువ. 1899 నాటి మూల చట్టం స్వాధీనంతో కూడిన తాకట్టుకు అమ్మకం మీద వేసినట్టే సుంకం నిర్ణయించింది. ఎందుకు? ఇల్లు చేతికి వచ్చినవానికి కేవలం హామీయే కాక ఇంకేదో ముడుతోందని చట్టం గుర్తించింది కాబట్టి.

ఆ ఇంకేదో ఏమిటన్నదే షరీఅత్ కూడా అడుగుతుంది.

దాచినది ఒకటి కాదు, రెండు

ఇచ్చిన అప్పు మీద షరతుగా పొందే లాభం వడ్డీ అవుతుందని పండితులు చెబుతూ వచ్చారు. తాకట్టు వస్తువు అప్పిచ్చినవానికి హామీ మాత్రమే, అతని ఆదాయ మార్గం కాదు. తాకట్టులో ఉన్న పశువుకు మేత పెట్టేవాడు ఆ ఖర్చు మేరకు దానిపై సవారీ చేయవచ్చు, పాలు తాగవచ్చు అన్న హదీసు బుఖారీలో ఉంది. అది ఖర్చుకు బదులు పొందే ప్రయోజనం. ఇంటికి గోడలున్నాయి, మేత అవసరం లేదు. యజమాని ఇష్టపూర్వకంగా అనుమతిస్తే వాడుకోవచ్చని హనఫీ పండితుల్లో కొందరు అన్నమాట నిజమే. కాని ఊరంతా ఆచారమైపోయిన విషయం నోటితో చెప్పకపోయినా షరతుతో సమానమని కూడా ఫిఖ్ పండితులే చెప్పారు. నాలుగు లక్షలిచ్చి కిరాయి లేకుండా ఉండననేవాడు రెహన్‌కు ఎవరైనా వస్తాడా? మన మనస్సాక్షిని మనమే అడిగి చూసుకోవాలి.

ఇప్పుడు ఆ అబద్ధపు కిరాయినామా ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. రిజిస్ట్రేషన్ తప్పించుకోవచ్చన్న ఆలోచనతో పదకొండు నెలలు రాశారు. స్వాధీన తాకట్టు అని రాస్తే ఎక్కువ సుంకం కట్టాలి గనుక కిరాయి అని రాశారు. ఒక్క మాటతో రెండు దాచారు. ప్రభుత్వం నుంచి సుంకం దాచారు. తమ నుంచి తాము వడ్డీని దాచుకున్నారు. అల్లాహ్ నుంచి మాత్రం ఏదీ దాచలేకపోయారు.

ఇక్కడ లేఖరి గురించి కూడా చెప్పుకోవాలి. వడ్డీ తినేవానిని, తినిపించేవానిని, దాన్ని రాసేవానిని, ఇద్దరు సాక్షులను దైవప్రవక్త (స) శపించారనీ, వారంతా సమానులేనని అన్నారనీ సహీహ్ ముస్లింలో ఉంది. స్నేహం కొద్దీ సాక్షి సంతకం పెట్టేవారు, రెండొందలు తీసుకుని "ఏం రాయమంటారు?" అని అడిగే దస్తావేజు లేఖరులు ఈ మాట మరిచిపోకూడదు. అబద్ధపు సాక్ష్యాన్ని గురించి చెప్పేటప్పుడు ఆయన (స) ఆనుకుని ఉన్నవారు లేచి కూర్చుని, ఆ మాటను మళ్ళీ మళ్ళీ అన్నారు. కాగితం మీది సాక్ష్యం కూడా సాక్ష్యమే.

మూడు సాకులు

ఈ విషయం మాట్లాడినప్పుడల్లా మాకు మూడు సమాధానాలు వినిపించాయి. వీటిని తేలికగా కొట్టిపారేయలేం.

మొదటిది: "ఈ సుంకం షరీఅత్ విధించినది కాదు. మా మీద ఉన్నది జకాత్. దీన్ని ఎగ్గొడితే పాపమెలా అవుతుంది?" సోదరులారా! ఇంతకూ మనం ఎగ్గొడుతున్నది ఏ మార్గాన? అబద్ధం రాసి. సుంకం సంగతి పక్కన పెట్టినా అబద్ధం అబద్ధమే. పత్రం విలువకు సంబంధించిన వాస్తవాలన్నీ పూర్తిగా, నిజంగా రాయాలని స్టాంపు చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. లేఖరి న్యాయంగా రాయాలని, ఏమీ తగ్గించకూడదని ఖుర్ఆన్ చెబుతుంది. పైగా మనం ఈ దేశంలో పౌరులుగా ఒక ఒడంబడిక కింద బతుకుతున్నాం. ఆ కోర్టు, ఆ రికార్డు గది, ఆ రిజిస్టరు మన ఇంటి హక్కును కాపాడాలని కోరుకుంటున్నాం. ఒప్పందాలను నెరవేర్చండని అల్ మాయిద అధ్యాయం మొదటి వాక్యమే ఆదేశిస్తోంది.

రెండోది: "అప్పు తీసుకున్నవాడు అసలు కంటే ఎక్కువ కట్టవలసి వస్తోంది. మరి స్టాంపు సుంకం కూడా వడ్డీలాంటిదే కదా?" ఇది తెలివైన ప్రశ్న. వడ్డీ అప్పిచ్చినవాని జేబులోకి వెళ్ళే అదనం. సుంకం అతనికి చేరదు, ఖజానాకు చేరుతుంది. కాబట్టి అది వడ్డీ కాదు, పత్రం ఖర్చు. రుణానికి అయిన వాస్తవమైన ఖర్చు మేరకు సేవా రుసుము తీసుకోవచ్చనీ, అంతకు మించితే వడ్డీ అవుతుందనీ అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1986లో అమ్మాన్ సమావేశంలో నిర్ణయించింది. గీత ఇక్కడే ఉంది. సుంకం రెండు వేలైతే రెండు వేలే తీసుకోవాలి. "పత్రం ఖర్చులు" అని అయిదు వేలు పట్టుకుంటే ఆ మూడు వేలకు పేరు మారినంత మాత్రాన స్వభావం మారదు.

మూడోది అన్నిటికంటే బరువైనది: "పేదవాడు. చేతిలో డబ్బు లేకనే అప్పుకు వచ్చాడు. సుంకం ఎక్కడి నుంచి తెస్తాడు?" నిజమే. వేరే ఒప్పందం లేకపోతే తాకట్టు పత్రం సుంకాన్ని పత్రం రాసిచ్చినవాడు, అంటే అప్పు తీసుకున్నవాడే భరించాలని 29వ సెక్షన్ అంటుంది. కాని ఒప్పందం చేసుకుంటే అప్పిచ్చినవాడు కూడా భరించవచ్చు. చట్టం ఆ తలుపు తెరిచే ఉంచింది. అల్లాహ్ కోసం అప్పిచ్చేవాడు ఆ సుంకాన్ని కూడా తనమీద వేసుకుంటే ఎంత బాగుంటుంది! తన డబ్బుకు రక్షణ కూడా అదే కదా. ఇబ్బందుల్లో ఉన్నవానికి వెసులుబాటు కలిగేదాకా గడువు ఇవ్వమనీ, మాఫీ చేస్తే మరింత మేలనీ అల్ బఖర 280వ వాక్యంలో ఉంది. గడువే ఇవ్వమన్న ధర్మం పత్రం ఖర్చు దగ్గర పిసినారితనం చూపమంటుందా?

దాచకుండా అడిగినవారు

సుంకం అన్యాయమనిపిస్తే ఏం చేయాలి? దానికి బ్రిటన్ ముస్లింలు ఒక దారి చూపారు. వడ్డీ లేకుండా ఇల్లు కొనాలంటే బ్యాంకు ముందు ఆ ఇల్లు తాను కొని, తర్వాత లాభం కలిపి వాయిదాలపై కొనుగోలుదారుకు అమ్మాలి. రెండు అమ్మకాలు, రెండుసార్లు స్టాంపు సుంకం. వడ్డీతో కొన్నవానికి ఒక్కసారే. ధర్మం పాటించినవానికే శిక్ష పడినట్టయింది. అయినా అక్కడ ఈ విషయాన్ని బాహాటంగా ప్రభుత్వం ముందు పెట్టారు. 2003 ఆర్థిక చట్టంలో బ్రిటన్ ఆ రెండో సుంకాన్ని తొలగించింది. మన దగ్గర ఒకే ఇల్లు రెండుసార్లు చేతులు మారితే రెండుసార్లు సుంకం కట్టవలసిందే. ఇది మార్చమని అడగవచ్చు, అర్జీ పెట్టవచ్చు. అడిగే హక్కు ఉన్నవాడు అబద్ధమాడవలసిన పని లేదు.

మన ఊరికీ ఇలాంటి చరిత్ర ఉంది. హైదరాబాదులో పుట్టి ప్రపంచ ప్రసిద్ధి పొందిన పండితులు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002) ఇస్లామీ ఆర్థిక విధానానికి హైదరాబాదు చేసిన సేవను గురించి ప్రత్యేకంగా రాశారు. దైవప్రవక్త (స) కాలపు లేఖలను, ఒప్పందాలను ఏరి కూర్చి గ్రంథంగా ఇచ్చినవారు కూడా ఆయనే. రాసిన మాట విలువ తెలిసిన ఊరు మనది.

అమ్మకం పేరుతో తాకట్టు

ఇంకొక ప్రమాదం గురించి హెచ్చరించడం మా బాధ్యత. కొందరు అప్పు తీసుకుని ఏకంగా అమ్మకం పత్రమే రాసిస్తారు. "డబ్బు ఇవ్వగానే తిరిగి రాసిస్తాను" అని అప్పిచ్చినవాడు నోటిమాటగా చెబుతాడు. తిరిగి రాసిచ్చే షరతు అదే పత్రంలో ఉంటే తప్ప దాన్ని తాకట్టుగా పరిగణించకూడదని 1929లో ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్‌కు సవరణ వచ్చింది. నోటిమాట నమ్మి అమ్మకం పత్రం రాసిచ్చినవాడు కోర్టుకు వెళ్ళి ఇది తాకట్టని రుజువు చేయడం అతి కష్టం. తాకట్టు అని నిజం రాస్తే 60వ సెక్షన్ కింద డబ్బు కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఉంటుంది. తాకట్టు వస్తువు యజమానికి కాకుండా పోదని హదీసు కూడా ఉంది. ఆ రక్షణ అంతా నిజమైన పేరు రాసినప్పుడే.

సరిదిద్దుకునే దారి

ఆ పెద్దావిడ ప్రశ్నకు వద్దాం. ఆమె తెల్ల కాగితం చెల్లని కాగితమా? సరైన స్టాంపు లేని పత్రాన్ని సాక్ష్యంగా స్వీకరించరాదని స్టాంపు చట్టం 35వ సెక్షన్ చెబుతుంది. అయితే కట్టవలసిన సుంకంతో పాటు పది రెట్ల జరిమానా కడితే స్వీకరించవచ్చు. స్టాంపు లేనంత మాత్రాన ఒప్పందం శూన్యం కాదనీ, ఆ లోపం సరిదిద్దుకోదగినదనీ సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. పొరపాటునో, అత్యవసరంలోనో సుంకం తక్కువ పడితే, పత్రం రాసిన ఏడాదిలోగా తానే స్వయంగా కలెక్టరు దగ్గరకు తీసుకెళ్ళి సరిచేసుకునే దారిని 41వ సెక్షన్ ఇచ్చింది. కాని రిజిస్టరు కాని పత్రంతో తాకట్టు హక్కు పుట్టదు. ఆ ఇంట్లో వారు ఏ హోదాలో ఉన్నారో చూపడం వంటి అనుబంధ విషయాలకే అది పనికివస్తుంది. అంటే దారి ఉంది, కాని ఖరీదైన దారి.

షరీఅత్ దారి ఏమిటి? వడ్డీని గురించి చెప్పిన చోటనే, అల్ బఖర 279వ వాక్యంలో, పశ్చాత్తాపపడితే మీ అసలు సొమ్ము మీదేనని అల్లాహ్ తెలిపాడు. మీరు అన్యాయం చేయకూడదు, మీకూ అన్యాయం జరగకూడదు. మేము ఆమెతో అన్నాం: "అమ్మా, నాలుగు లక్షలు మీ హక్కు. వాటిని దాచిపెట్టిన కొడుకులు తండ్రి మీద అప్పు భారం మోపి ఉంచారు. విశ్వాసి ఆత్మ అతని అప్పు తీరేదాకా దానికి కట్టుబడి ఉంటుందని హదీసు ఉంది. అది వారు ఆలోచించుకోవాలి. ఇక ఇన్నేళ్ళు మీరు కట్టని కిరాయి సంగతి మీరు ఆలోచించుకోవాలి."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందులోంచి తగ్గించుకోమనండి. బజారు కిరాయి ఎంతుంటే అంత. మా ఆయన లెక్క అక్కడ తేలిక కావాలి" అంది.

మొహల్లా పెద్దలు ఇరువర్గాలనూ కూర్చోబెట్టారు. లెక్క ఇంకా తేలలేదు. కొడుకుల్లో చిన్నవాడు మాత్రం నాలుగు లక్షల మాట తండ్రి నోట తాను విన్నానని పెద్దల ముందు ఒప్పుకున్నాడు. సాక్ష్యాన్ని దాచకూడదన్న ఆదేశాన్ని అతను నిలబెట్టాడు. స్టాంపు లేని ఆ మాట, స్టాంపు ఉన్న అబద్ధం కంటే బరువు తూగింది.

మనం చేయగలిగింది

ప్రియమైన పాఠకులారా! మీ ఇంట్లో ఇలాంటి కాగితం ఉంటే ఈ రాత్రే బయటికి తీయండి. ఇద్దరూ బతికుండగానే నిజం రాసుకోండి. మేలైన అప్పు ఇవ్వదలిస్తే ఇల్లు హామీగా పెట్టుకుని, స్వాధీనం తీసుకోకుండా తాకట్టు రిజిస్టరు చేయించుకోండి. అప్పుడు వడ్డీ అనుమానమూ ఉండదు, సుంకమూ తక్కువే. ఇంట్లో ఉండవలసిన అవసరమే ఉంటే బజారు కిరాయి నిర్ణయించుకుని, ఇచ్చిన మొత్తంలోంచి నెలనెలా తగ్గించుకుంటూ పోయే ఒప్పందం గురించి మీకు దగ్గరలో ఉన్న ముఫ్తీ సాహెబును, ఒక వకీలును అడగండి. వడ్డీ అప్పుకు సుంకం కట్టినంత మాత్రాన అది ధర్మసమ్మతం కాదని కూడా గుర్తుంచుకోండి. స్టాంపు నిజానికి కాపలా కాస్తుందే తప్ప నిషిద్ధాన్ని శుద్ధి చేయదు.

సబ్ రిజిస్ట్రార్ గుమాస్తా చూసే కాగితం ఒకటి. మన భుజాల మీద ఉన్న ఇద్దరు దైవదూతలు రాస్తున్న కాగితం మరొకటి. ఈ రెండింటిలో ఒకే మాట ఉండేలా చూసుకోవడమే ఈమాన్‌కు తగిన పని.

అల్లాహ్ మన లావాదేవీల్లో సత్యాన్ని, మన సంపాదనలో శుభాన్ని, అప్పు భారం లేని మరణాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.